విశాఖ బీచ్ రోడ్డు మేడ మీద సీఫుడ్ కేఫ్: ఐసు, గాలి, వేట నిషేధం

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. సియాటిల్‌లో కొన్నేళ్లు ఉండి తిరిగొచ్చారు. అక్కడ ఆల్కై బీచ్‌లో నీటి అంచున కూర్చుని, ఎదురుగా డౌన్‌టౌన్ మేడలు చూస్తూ చేపలు తినే హోటళ్లు మీకు బాగా నచ్చాయి. అలాంటి హడావుడి లేని సీఫుడ్ బార్, కేఫ్ కలిపి విశాఖలో పెడదామని లాసన్స్ బే దగ్గర, బీచ్ రోడ్డు మీద ఒక భవనం మేడ చూసుకున్నారు. మెనూలో నలభై ఐటమ్స్, ప్రారంభం ఏప్రిల్ నెలాఖరు అనుకున్నారు. అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు. "వ్యూ అద్భుతంగా ఉంది, ఇంకేం చూసుకోవాలి?" అని అడిగారు.

నేను చాలాకాలంగా ఈ ఊళ్లో చేపల వంటతోనే బతుకుతున్నాను. మొదట పెద్ద హోటళ్ల కిచెన్లలో, తర్వాత సొంత హోటల్లో. మీరు చూసిన చోటు మంచిదే. కానీ ఏప్రిల్ నెలాఖరులో తెరవకండి, నలభై ఐటమ్స్ పెట్టకండి. రెండింటికీ కారణం ఒకటే. మీ ప్లానంతా వ్యూ చుట్టూ అల్లుకున్నారు, సీఫుడ్ హోటల్‌ని నడిపించేది మాత్రం బోట్లు. బోటు ఎప్పుడొస్తుంది, ఏం తెస్తుంది, తెచ్చిన సరుకు మీ దగ్గర ఎంతసేపు చల్లగా ఉంటుంది అన్న దగ్గర మొదలుపెట్టి మెనూ, కిచెన్, టేబుళ్లు వేసుకుంటూ రండి.

ముందు ఆ వ్యూ సంగతే చెబుతాను, ఎందుకంటే అందులో కూడా సియాటిల్‌కీ విశాఖకీ పెద్ద తేడా ఉంది. ఆల్కైకీ డౌన్‌టౌన్‌కీ మధ్య ఎలియట్ బే ఉంది. నీళ్లు మధ్యలో, ఊరు అవతలి ఒడ్డున. నీళ్లవైపు తిరిగి కూర్చుంటే ఊరు కనిపిస్తుంది. మనకు ఎదురుగా ఉన్నది బంగాళాఖాతం, అవతలి ఒడ్డంటూ లేదు. కుర్చీలన్నీ సముద్రానికి ఎదురుగా వేస్తే పగలు బాగానే ఉంటుంది, పొద్దు గూకాక కనిపించేది చీకటి. లంగరు వేసిన ఓడల దీపాలు నాలుగైదు, అంతే. డిసెంబరులో సాయంత్రం ఐదున్నరకే చీకటి పడుతుంది, మీ అసలు వ్యాపారం మొదలయ్యేది ఆ తర్వాత. విశాఖలో ఊరు కనిపించాలంటే ఒడ్డు వెంట చూడాలి. మీ మేడ మీద నుంచి నైరుతి వైపు తిరిగితే ఆర్కే బీచ్ వంపు, దాని వెంట బీచ్ రోడ్డు దీపాలు, చివర డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపిస్తాయి. రెండో పక్క కైలాసగిరి. కాబట్టి టేబుళ్లని సముద్రానికి కాస్త ఏటవాలుగా, ఆర్కే బీచ్ వైపు ముఖం పెట్టేలా వేయండి. నైరుతి మూలలో వాటర్ ట్యాంకు, మెట్ల గది, హోర్డింగు ఏవైనా అడ్డున్నాయేమో ఇప్పుడే చూడండి. పక్క స్థలం ఖాళీగా ఉంటే అక్కడ ఎన్ని అంతస్తులు లేస్తాయో కూడా కనుక్కోండి. రేపు అక్కడ అపార్ట్‌మెంట్ కడితే మీ వ్యూ పోతుంది, అద్దె మాత్రం అలాగే ఉంటుంది.

ఇంకో తేడా, ఎలియట్ బే లోపలికి చొచ్చుకొచ్చిన నీరు, అలల తాకిడి తక్కువ. మనది బహిరంగ సముద్రం. 2020 అక్టోబరులో వాయుగుండం వచ్చినప్పుడు 'మా' అనే బంగ్లాదేశ్ సరుకు ఓడ లంగరు తెగి తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డెక్కింది. దాన్ని రెస్టారెంటుగా మారుస్తామన్నారు, ఆ ఓడ ఏళ్ల తరబడి అక్కడే తుప్పు పట్టింది. 2024 ఫిబ్రవరిలో ఆర్కే బీచ్‌లో తేలియాడే వంతెన ప్రారంభించిన మర్నాడే చివరి భాగం విడిపోయింది. నీళ్ల మీదకు డెక్ కడదామని ఎవరైనా కన్సల్టెంట్ డ్రాయింగులు చూపిస్తే వినకండి. మేడ మీద ఉండటమే మీకు మంచిది.

ఇప్పుడు చేపల సంగతి. వారంలో రెండు మూడు రోజులైనా మీరే తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లాలి. సప్లయర్‌కి ఫోన్‌లో ఆర్డర్ చెప్పే పద్ధతి తర్వాత పెట్టుకోవచ్చు. వెలుగు రాకముందే జెట్టీ దగ్గర వేలం మొదలవుతుంది. ఏ బోటు ఎన్ని రోజుల వేట చేసి వచ్చిందో అక్కడ అందరికీ తెలుసు, అడిగితే చెబుతారు. అది చాలా ముఖ్యమైన ప్రశ్న. పెద్ద మరబోట్లు రోజుల తరబడి సముద్రంలో ఉంటాయి. మొదటి రోజు పట్టిన చేప, చివరి రోజు పట్టిన చేప ఒకే బోటులో వస్తాయి. రాత్రి వెళ్లి పొద్దున్నే వచ్చే ఫైబర్ తెప్పల సరుకు కొంచెమే ఉంటుంది కానీ తాజాది. మీ మేడ పక్కనే పెదజాలారిపేట ఉంది కదా, అక్కడి తెప్పలవాళ్లతో ముందుగా పరిచయం పెంచుకోండి. వచ్చినదాంట్లో మంచివి మీకు ముందు చూపిస్తే చాలు, ధర బేరం తర్వాతి సంగతి. అక్కడ చేపలమ్మే ఆడవాళ్లని అక్కా, అమ్మా అని పిలిచి, తీసుకున్నదానికి అదే రోజు డబ్బు కట్టండి. అరువు పెట్టే హోటల్‌కి మంచి చేప రాదు.

చూసేటప్పుడు కన్ను ఒక్కటే చూసి మోసపోకండి. మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా, తడిగా ఉండాలి. గోధుమ రంగుకి తిరిగిందంటే పక్కన పెట్టండి. పొట్ట దగ్గర వేలితో నొక్కితే గుంట వెంటనే పైకి రావాలి. చందువకైతే (పాంఫ్రెట్) పొట్ట కింద వెండి మెరుపు చెదరకుండా ఉండాలి. రొయ్యకి తల, మొండెం కలిసే చోట నలుపు మొదలైతే ఆలస్యమైనట్టే. పీత బతికే ఉండాలి, చేత్తో ఎత్తితే బరువు తెలియాలి. పైకి పెద్దగా ఉండి తేలిగ్గా ఉందంటే లోపల మాంసం లేదు. గుడ్లతో ఉన్న ఆడ పీతని ఎంత చవగ్గా ఇచ్చినా కొనకండి, వచ్చే ఏడాది పీతలు వాటి నుంచే రావాలి.

కొన్నాక ఐసు. నా దగ్గర పనికి చేరేవాళ్లకి మొదటి రోజు నేర్పేది ఇదే. మన ఎండలకి కిలో చేపకి కిలో ఐసు లెక్క. పొడి చేసిన ఐసు ఒక వరస, చేప ఒక వరస, మళ్లీ ఐసు. పెట్టె అడుగున నీళ్లు పోయే రంధ్రం ఉండాలి, చేప కరిగిన నీళ్లలో నానకూడదు. ఆ ఐసు తాగే నీటితో చేసినదే కావాలి. పెద్ద గడ్డల ఐసు వేస్తే చేపకి దెబ్బ తగులుతుంది, మధ్యలో గాలి ఉండి చల్లదనం సమంగా పట్టదు. తూర (ట్యూనా), కానాగంత (మాకరెల్), కోనాం (వంజరం) లాంటి చేపల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. ఇవి వెచ్చగా ఉండిపోతే బాక్టీరియా వల్ల వాటిలో హిస్టమిన్ అనే రసాయనం తయారవుతుంది. తిన్న కాసేపటికి ముఖం ఎర్రబడుతుంది, తలనొప్పి, దద్దుర్లు వస్తాయి. జనం "చేప పడలేదు, ఎలర్జీ" అనుకుంటారు. ఒకసారి తయారైన హిస్టమిన్ ఎంత వేయించినా, ఎంత ఉడికించినా పోదు. మసాలాతో దాన్ని సరిచేయలేం. హార్బర్ నుంచి మీ మేడ దాకా, కింద నుంచి పై అంతస్తు దాకా చేప ఎక్కడా ఐసు వదలకుండా రావాలి. లిఫ్టు లేకపోతే ఆ పెట్టెలు రోజూ ఎవరు, ఎలా మోస్తారో ఇప్పుడే తేల్చుకోండి.

సియాటిల్‌లో ఐసు మీద పచ్చి ఆయిస్టర్లు పెట్టి నిమ్మకాయ పిండి ఇస్తారు. మీ డ్రాఫ్ట్ మెనూలోనూ అది ఉంది, తీసేయండి. అక్కడి నీళ్లు చల్లన, సరుకు ఏ చోటి నుంచి వచ్చిందో ట్యాగ్ కట్టి మరీ అమ్మే పద్ధతి ఉంది. మన సముద్రం వెచ్చన, విబ్రియో లాంటి బాక్టీరియా వెచ్చని నీళ్లలో బాగా పెరుగుతుంది. ఆ ఐసు కౌంటర్ని మాత్రం ఉంచుకోండి, ఆ రోజు వచ్చిన చేపలు అందులో పరిచి పెట్టండి. కస్టమర్ వచ్చి తనకు కావాల్సింది చూపించాలి, తూకం అతని ముందే జరగాలి, వేపుడా, ఇగురా, పెనం మీదా అని అడగాలి. దాని పక్కన ఎత్తు స్టూళ్లు వేస్తే వంటవాడి ఎదురుగా కూర్చుని తినొచ్చు. మన ఊళ్లో చేపని చూసి ఎంచుకోవడం అందరికీ అలవాటే, కాబట్టి ఎవరికీ కొత్తగా నేర్పక్కర్లేదు.

మెనూ పన్నెండు పదిహేను ఐటమ్స్ దాటకుండా చూసుకోండి, అందులో సగం ఆనాటి చేపని బట్టి బోర్డు మీద సుద్దతో రాసేవి కావాలి. నలభై ఐటమ్స్ కార్డు ప్రింట్ చేస్తే, చందువ రాని రోజున ఫ్రీజర్‌లోది తీయాల్సి వస్తుంది. అక్కడి నుంచి హోటల్ దిగజారుతుంది. కోనాం ముక్కలు పెనం మీద, చందువ ముక్కలు చేయకుండా అలాగే వేయించి, రొయ్యల ఇగురు, పీతల ఇగురు, మామిడికాయ వేసిన చేపల పులుసుతో అన్నం, వీటికి తోడు నెత్తళ్ల వేపుడు. ఇవి చాలు.

నెత్తళ్ల గురించి రెండు మాటలు, ఎందుకంటే మీ హోటల్‌కి పేరు తెచ్చేది అదే అవుతుందని నా నమ్మకం. చవక, తాజాగా దొరుకుతుంది, ముళ్లతో సహా తినొచ్చు, పిల్లలూ తింటారు. తల గిల్లి, బొటనవేలితో పేగు లాగి, ఉప్పు పసుపు వేసి రెండు నీళ్లు కడగాలి. తర్వాత జల్లెడలో వేసి పూర్తిగా ఆరనివ్వాలి, తడి ఉంటే పిండి ముద్ద కడుతుంది. కారం, ఉప్పు, కొంచెం వాము, పైపైన బియ్యప్పిండి. బాగా కాగిన నూనెలో గుప్పెడు గుప్పెడుగా వేయాలి, ఒకేసారి కిలో కుమ్మరిస్తే నూనె చల్లారి నెత్తళ్లు నూనె పీలుస్తాయి. చప్పుడు తగ్గి, చేపలు పైకి తేలగానే తీసి, అదే నూనెలో కరివేపాకు, చీల్చిన పచ్చిమిర్చి వేయించి పైన చల్లాలి. ఇక్కడే మేడ మీది చిక్కు. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ, కరకరలాడే వేపుడు పది నిమిషాల్లో మెత్తబడుతుంది. అందుకే పెద్ద ప్లేటు ఒక్కసారి ఇవ్వకుండా చిన్న ప్లేట్లుగా, అడిగినప్పుడల్లా వేడిగా పంపాలి. కోనాం ముక్కకి కూడా ఇనప పళ్లెమో, బాగా కాచిన మందపాటి ప్లేటో వాడండి. పల్చటి పింగాణీ మీద పెడితే ఆ గాలికి టేబుల్ చేరేలోపే చల్లారుతుంది.

ఖర్చు లెక్కలో కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది పొట్టు, తలల దగ్గర. తలతో కొన్న కిలో రొయ్యల్లో తల, పెంకు తీశాక సగానికి కాస్త పైన మిగులుతుంది. కిలో 400 రూపాయలకి కొన్నారనుకోండి, మీ గిన్నెలో పడే రొయ్య కిలో 700 పైమాటే. కోనాం ముక్కలుగా కోస్తే తల, పేగులు పోను సుమారు ముప్పావు వంతు వస్తుంది, బోన్‌లెస్ అడిగితే సగం అటూ ఇటూ. ధర వేసేది దీని మీద. రొయ్యల్లో '30 కౌంట్', '50 కౌంట్' అంటే కిలోకి అన్ని రొయ్యలని, అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. కోనాం తలకాయలు పారేయకండి, తలకాయ పులుసుకి ప్రత్యేకంగా వచ్చేవాళ్లుంటారు.

ఏప్రిల్ ఎందుకు వద్దన్నానంటే, తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్లకి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని పెట్టిన నియమం అది, మంచి నియమం. ఇంజిన్ లేని సంప్రదాయ తెప్పలకి మినహాయింపు ఉంది కానీ వాటి సరుకు ఊరికంతటికీ చాలదు. పడమటి తీరంలో నిషేధం జూన్ 1 నుంచి జూలై 31 దాకా. అంటే మే నెలాఖరు వరకు అటువైపు నుంచి ఐసు లారీల్లో చేప వస్తుంది, పాతబడి, ఖరీదెక్కి. జూన్ 1 నుంచి 14 దాకా రెండు తీరాలూ మూతే. మీరు సరిగ్గా ఆ కాలంలో తెరిచి, తొలి కస్టమర్లకి ఫ్రీజర్ చేప పెడతారా?

తర్వాతి ఏళ్లలో ఆ రెండు నెలలూ గడవాలి కదా, దానికి దారి ఉంది. చెరువు సరుకు మీద ఆధారపడండి. వనామీ రొయ్య మన రాష్ట్రంలో ఏడాది పొడవునా దొరుకుతుంది, చెరువుల్లో పెంచిన పండుగప్ప దొరుకుతుంది, మడల ప్రాంతాల నుంచి మండపీత వస్తుంది. అప్పుడే పచ్చి మామిడికాయల కాలం కూడా. ఎండు నెత్తళ్లు మామిడికాయ, ఎండు రొయ్యలు వంకాయ అన్నీ ఆ రోజుల వంటలే, ఉత్తరాంధ్ర ఇళ్లలో వేసవిలో తినేవే. బోర్డు మీద 'వేట నిషేధం రోజుల మెనూ' అని ధైర్యంగా రాయండి. దాచిపెట్టి "ఈరోజే వచ్చింది సార్" అని చెప్పే హోటల్‌ని ఇక్కడివాళ్లు ఇట్టే పసిగడతారు.

గాలి గురించి మీ ఆర్కిటెక్ట్‌తో ప్రత్యేకంగా కూర్చోండి. పగలు గాలి సముద్రం నుంచి నేల మీదకు వీస్తుంది, రాత్రి పొద్దుపోయాక నేల నుంచి సముద్రం వైపు మళ్లుతుంది. కిచెన్ వెనక, అంటే ఊరి వైపు పెట్టడమే సరి. అప్పుడు సాయంత్రం పొగ వెనక్కి పోతుంది, కానీ వెనక అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. రాత్రి గాలి మళ్లితే అదే పొగ మీ టేబుళ్ల మీదకొస్తుంది. అందుకని చిమ్నీ గొట్టం చుట్టుపక్కల కప్పుల కంటే ఎత్తుకి తీసుకెళ్లాలి. ఇందులో పొదుపు చేయకండి, వెనక వీధివాళ్ల ఫిర్యాదుతో మూతపడే ప్రమాదం ఉంటుంది. ఉప్పు గాలికి మామూలు ఇనుము ఏడాది తిరక్కుండానే పొట్టు లేస్తుంది. బయట రెయిలింగుకి, బోల్టులకి 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీలు అడగండి. అందులో మాలిబ్డినం ఉంటుంది కాబట్టి మామూలుగా దొరికే 304 కంటే ఉప్పుకి బాగా తట్టుకుంటుంది. ఫ్రిజ్‌ల కంప్రెసర్లు సముద్రం వైపు కాకుండా గోడ చాటున పెట్టండి.

కప్పు సంగతి కూడా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ తీరాన్ని ఏం చేసిందో ఇక్కడివాళ్లందరికీ గుర్తే. గంటకు 180 కిలోమీటర్ల స్థాయి గాలులు వీచాయి. అందుకే మేడ మీద రేకుల షెడ్డు వేయకండి, హెచ్చరిక రాగానే విప్పి చుట్టేసే కాన్వాస్ పందిరి వేయండి. కుర్చీలు లోపల పెట్టడానికి గది ఉండాలి.

అనుమతుల్లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆహార లైసెన్సు, ట్రేడ్ లైసెన్సు, ఫైర్ ఎన్‌ఓసీ ఇవన్నీ మీ ఆడిటర్ చూసుకుంటారు. మీరు స్వయంగా చూడాల్సింది భవనం ప్లాను. సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) నిబంధనల ప్రకారం ఊళ్లో ఇప్పటికే ఉన్న రోడ్డుకి నేల వైపు కట్టడాలకే అవకాశం, సముద్రం వైపు కొత్త నిర్మాణాలు కుదరవు. మీది నేల వైపే కాబట్టి ఆ మేరకు నిశ్చింత. కానీ మేడ మీద కిచెన్, టాయిలెట్లు మంజూరైన ప్లానులో ఉన్నాయా, యజమాని తర్వాత వేసుకున్నవా? భీమిలి తీరంలో నిబంధనలు మీరిన కట్టడాన్ని 2024లో హైకోర్టు ఆదేశాలతో కూల్చారు. "అందరూ వేసుకున్నారండీ" అనే మాట కోర్టులో నిలబడదు.

బార్ విషయంలో ఆశ తక్కువ పెట్టుకోండి. రాష్ట్రంలో బార్ల సంఖ్య ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 2025 సెప్టెంబరు నుంచి మూడేళ్లకి అమల్లోకి వచ్చిన పాలసీలో లాటరీ ద్వారా కేటాయించారు. రెస్టారెంటు పెట్టాం కదా అని లైసెన్సు రాదు. లేకుండా "కస్టమర్లు తెచ్చుకుంటే మనకెందుకు" అనుకుంటే కేసు మీ మీదే పడుతుంది. మద్యం లేకపోతే సీఫుడ్ ఆడదన్నది నేను ఒప్పుకోను. ఈ బీచ్ రోడ్డు మీద సాయంత్రాలు వచ్చేది ఎక్కువగా కుటుంబాలు. నన్నారి, నిమ్మకాయ సోడా, పచ్చి మామిడి షర్బత్ శ్రద్ధగా చేస్తే అమ్మమ్మ నుంచి మనవరాలి దాకా ఒకే టేబుల్ దగ్గర కూర్చుంటారు.

కేఫ్ వైపు మీరు అనుకున్నదానికంటే ఎక్కువ అవకాశం ఉంది. మనకు సూర్యోదయం సముద్రం మీద, వేసవిలో ఐదున్నరకల్లా వెలుగు వచ్చేస్తుంది. బీచ్ రోడ్డు మీద పొద్దున నడిచేవాళ్లు, ఈత కొట్టేవాళ్లు ఎంతమందో మీరూ చూసే ఉంటారు. ఐదుంపావుకి షట్టర్ ఎత్తండి. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా కాఫీ మన జిల్లాల పంటే, గింజ తెప్పించి అక్కడే పొడి చేయండి. ఫిల్టర్ కాఫీ, ఇడ్లీ, అంతే చాలు. ఒక్క జాగ్రత్త, పొద్దున వంటకి వేరే గిన్నెలు, వేరే పొయ్యి, వేరే చోటు పెట్టండి. కాఫీలో చేప వాసన వస్తే ఆ మనిషి మళ్లీ రాడు. రాత్రి మూసేటప్పుడు నేల, సింకులు, డ్రెయిన్లు వేడినీళ్లతో కడిగిస్తేనే పొద్దున వాసన ఉండదు.

నా సలహా, జూలైలో చప్పుడు లేకుండా తెరవండి. అప్పటికి బోట్లు మళ్లీ వేటకి వెళ్లి ఉంటాయి, సరుకు బాగుంటుంది, జనం తక్కువ కాబట్టి మీ కుర్రాళ్లు చేయి తిరగడానికి టైం దొరుకుతుంది. దసరాకి టూరిస్టులు మొదలయ్యేసరికి టెన్షన్ లేకుండా నడుస్తుంది. అడ్వాన్సు ఇచ్చే ముందు ఒప్పందంలో మూడు విషయాలు రాయించుకోండి. మంజూరైన ప్లాను నకలు యజమాని మీకివ్వాలి. తుఫాను వల్ల మేడ వాడలేని రోజులకి అద్దె తగ్గించాలి. వేట నిషేధం ఉన్న రెండు నెలలకి అద్దె సగమో, ముప్పావో ఉండాలి. చివరిది అడిగితే యజమానులు మొదట ఒప్పుకోరు, కానీ బీచ్ రోడ్డు మీద ఖాళీగా ఉన్న మేడలు చాలానే ఉన్నాయి. గట్టిగా అడగండి.